తెర మీద కాదండీ, నా కంట్లో!

కొత్తగా వచ్చిన పెద్ద సినిమా గురించి ఈ వారం రాస్తానని పోయిన వారం మీకు మాటిచ్చాను. టిక్కెట్లు కొన్నాను, చూశాను కూడా. కానీ రాయడానికి మొహం చెల్లడం లేదు. సినిమా బాగాలేక కాదు సుమా, నిర్మాతగారు నా మీద కోపం తెచ్చుకోవద్దు! అసలేం జరిగిందో చెబుతాను, వినండి.

శనివారం ఫస్ట్ షో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. బాల్కనీలో మా ఆవిడా నేనూ. మల్టీప్లెక్సులు ఎన్ని వచ్చినా, ఈలలు వినపడే హాల్లో కూర్చుంటేనే మాకు సినిమా చూసినట్టుంటుంది. ఇంటర్వెల్‌కి పది నిమిషాలుందనగా ఆవిడ నా మోచెయ్యి తట్టింది.

"ఏవండీ, బొమ్మ మీద నల్లటి చుక్కలు పడుతున్నాయి, చూశారా?"

"ఏం చుక్కలు?"

"పాత రీళ్ళల్లో పడేవి చూడండీ... చుక్కలూ, గీతలూ, దారప్పోగుల్లాంటివీ..."

నాకు నవ్వొచ్చింది. ఇంకా రీళ్ళెక్కడివి? అంతా డిజిటల్ అయిపోయి ఎన్నేళ్ళయింది! ఆ మాటే అన్నాను.

"తెర మీద కాదండీ, నా కంట్లో. కుడి కన్ను మూసినా ఉన్నాయి. ఎడమది మూస్తే లేవు. పక్కనుంచి ఏదో మెరుపు కూడా మెరుస్తోంది."

"నిద్ర చాలక అయ్యుంటుంది. ఇంటర్వెల్‌లో మొహం కడుక్కో" అన్నాను. ఎంత గొప్ప సలహా! పాపం, వెళ్ళి కడుక్కొచ్చింది. తర్వాత సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నేనేం చేశానంటారా? హీరోగారు విలన్ని చితక్కొట్టేదాకా కదల్లేదు. ఈల కూడా వేశాను. ఈ వయసులో ఈలేమిటని అడక్కండి.

ఆదివారం తెల్లారి లేచి చూస్తే ఆవిడ గోడ మీది క్యాలెండరు ముందు కూర్చుని ఉంది. ఒక కన్ను మూసి చూస్తుంది, తెరుస్తుంది, రెండోది మూసి చూస్తుంది. తేదీలు లెక్కపెడుతోందనుకున్నాను. చుక్కలు లెక్కపెడుతోందట. రాత్రికి రాత్రి పెరిగాయట.

వీధి చివర మందుల షాపుకి పరిగెత్తాను. అక్కడి కుర్రాడు సగం మాట విని ఒక చుక్కల మందు సీసా చేతిలో పెట్టాడు. ఆవిడ ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కన్ను ఎర్రబడలేదు. నీరు కారడం లేదు. నొప్పి అసలే లేదు. ఇది దేనికండీ?"

నా దగ్గర జవాబు లేదు. "సరే, రేపు సోమవారం మంచి డాక్టరుకి చూపిద్దాం. ఇవాళ ఎవరుంటారు?" అన్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్నకీ ఇలాగే మొదలైందట. మెరుపులూ, చుక్కలూ. నూర్పిళ్ళయ్యాక పట్నం వెళ్ళి చూపించుకుంటానన్నాడట ఆయన. ఈలోగా ఒక పక్కనుంచి నల్లటి తెర జారడం మొదలెట్టింది. కాకినాడ తీసుకెళ్ళేసరికి ఆ తెర మొత్తం దిగిపోయింది. మా పెళ్ళినాటికి మామగారికి ఒక కన్నే పనిచేసేది. చిన్నప్పుడు దెబ్బ తగిలిందేమోననుకుని నేనెన్నడూ అడగలేదు.

"మరి ఈ మాట నిన్న హాల్లోనే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. మీరు ఈల వేస్తున్నారు."

కోపంగా అంటే బాగుండేది. మామూలుగా అంది.

పది నిమిషాల్లో ఆటోలో ఉన్నాం. ఫోన్ చేసి కనుక్కుంటే, నగరంలో ఆదివారం కూడా అత్యవసర కేసులు చూసే కంటి ఆసుపత్రి ఉందని తెలిసింది. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి మా అమ్మాయి వయసుంటుంది. కూర్చోబెట్టగానే అడిగిన మొదటి ప్రశ్న: "ఏ పక్క నుంచైనా నీడగానీ తెరగానీ దిగుతున్నట్టుందా?" మా ఆవిడ లేదంది. ఆ అమ్మాయి మొహంలో కాస్త తెరిపి కనిపించింది. ఆ తెరిపి చూశాకే నాకు అసలు భయం పట్టుకుంది.

రెండు కళ్ళల్లోనూ మందు చుక్కలు వేశారు. కాసేపాగి మళ్ళీ వేశారు. నల్లగుడ్డు మధ్యలోని పాప పెద్దదయ్యాక, తలకి దీపం కట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని, "పైకి చూడండమ్మా, కిందికి చూడండి, ఎడమకి చూడండి" అంటూ లోపలి మూలమూలలూ వెతికారు. రెప్ప మీద చిన్న పుల్లలాంటి దానితో నొక్కి మరీ చూశారు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. దిగితే దిగాయి.

దొరికింది. ఎడమ కంట్లో, పై అంచున, గుర్రపు నాడా ఆకారంలో ఒక చిరుగు.

డాక్టరమ్మ చెప్పింది మనవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెబుతాను. కన్నంటే పాతకాలపు కెమెరా అనుకోండి. ముందు లెన్సు, వెనక ఫిల్ము. ఆ ఫిల్మే రెటీనా. ఈ రెండింటి మధ్యా గుడ్డులో తెల్లసొనలాంటి జిగురు నిండి ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ ఆ జిగురు పలచబడి, ముడుచుకుని, రెటీనా నుంచి విడిపోతుంది. ఆ విడిపోవడంలో లోపల తేలే పోగుల నీడలే మనకి చుక్కలూ దారాలూ. రెటీనాని లాగినప్పుడల్లా మెరుపు. రెటీనాకి వెలుతురు తప్ప ఇంకేమీ తెలీదు కాబట్టి, లాగినా చిరిగినా దానికి మెరుపే. నొప్పి తెలియదు. అందుకే నాలాంటివాళ్ళు సోమవారం దాకా ఆగుదామంటారు!

చాలామందిలో ఈ జిగురు పేచీ లేకుండానే విడిపోతుందట. కొందరిలో మాత్రం పోతూ పోతూ ఫిల్ముని చింపేస్తుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరితే, గోడమీద తడిసిన వాల్‌పోస్టరులా రెటీనా ఊడొస్తుంది. అదే మామగారి తెర. చూపుకి నడిబొడ్డయిన చోటుదాకా ఊడిందంటే, తర్వాత ఆపరేషన్ చేసినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. నీరు చేరకముందే పట్టుకుంటే, చిరుగు చుట్టూ లేజరుతో కుట్టు వేసినట్టు అతికించేస్తారు.

"నిన్ననే వచ్చి ఉంటే?" అని అడిగాను.

"నిన్న వచ్చినా ఇదే చేసేవాళ్ళం. రేపు వచ్చుంటే మాత్రం ఏం చెప్పలేను" అంది.

మధ్యాహ్నమే లేజరు పెట్టారు. నన్ను బయట కూర్చోమన్నారు. ఆవిడ కళ్ళజోడు నా చేతిలో ఉంది. మైనస్ ఎనిమిది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ అద్దాల్లోంచి ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. కళ్ళకి దూరంగా పట్టుకుని చూస్తే వరండా, బెంచీలు, నర్సమ్మ, అన్నీ బొమ్మరిల్లంత చిన్నగా, ఎక్కడో దూరంగా కనిపించాయి. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, "ఆకుపచ్చ మెరుపులు. మీ హీరో పాటల్లో కంటే ఎక్కువ" అంది. జోకు వేసిందంటే ఫరవాలేదన్నమాట!

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకింకా వయసుంది, నిజమే. కానీ మీలో మైనస్ ఆరు, ఏడు అద్దాలవాళ్ళుంటారు. క్రికెట్ బంతి కంటికి తగిలినవాళ్ళుంటారు. ఇంట్లో ఎవరికైనా రెటీనా ఊడిన చరిత్ర ఉన్నవాళ్ళుంటారు. ఇలాంటివాళ్ళకి చిన్న వయసులోనే రావచ్చంది డాక్టరమ్మ. మన సినిమాల్లో గుడ్డి హీరోయిన్ తలకి దెబ్బ తగలగానే చూపొస్తుంది చూశారూ, అసలు సంగతి తలకిందులు. గట్టి దెబ్బకి ఉన్న రెటీనా చిరుగుతుంది!

సాయంత్రం ఇంటికొచ్చాం. పాపలు ఇంకా పెద్దగానే ఉన్నాయేమో, ఆవిడకి వెలుతురు పడడం లేదు. కళ్ళు మూసుకుని పడుకుంది. ఇక డాక్టరు రాసిచ్చిన చుక్కలు వేసే ఉద్యోగం నాది. మొదటి చుక్క బుగ్గ మీద పడింది, రెండోది చెవిలోకి జారింది. "మీకు కన్నెక్కడుంటుందో తెలుసాండీ?" అని అడిగింది. కింది రెప్పని కాస్త లాగి, ఆవిణ్ణి పైకి చూడమని, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వదిలితే చాలని మూడోసారికి తెలిసింది.

ఊరికే పడుకుంటే తోచదని 'మిస్సమ్మ' పెట్టమంది. 1955 నాటి సినిమా. ఎల్.వి. ప్రసాద్ గారు తీసింది. ఉద్యోగం కోసం ఎన్టీఆర్, సావిత్రి మొగుడూపెళ్ళాలమని అబద్ధమాడే కథ మీకు తెలిసిందే. "నేను వింటాను, మీరు చూసి చెప్పండి" అంది.

చెప్పడం మొదలెట్టాను. ఇరవై ఏళ్ళుగా సినిమాల మీద రాస్తున్నవాణ్ణి, ఇదెంత పని!

"సావిత్రి ఏం చేస్తోంది?"

"కోపంగా చూస్తోంది."

"ఏ కోపం?"

నోరు మూతపడింది. సావిత్రికి ఎన్ని కోపాలున్నాయో మీకు తెలుసు. విసుగు కోపం ఒకటి, అభిమానం కోపం ఒకటి, లోపల్లోపల నవ్వు దాచుకున్న కోపం ఇంకొకటి. "కళ్ళు చిట్లించి... పెదవి బిగబట్టి..." అని తడబడ్డాను. ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వి, "తెలిసిందిలెండి, నా కోపమే" అంది.

అన్నట్టు ఈ ప్రసాద్ గారే 1981లో వచ్చిన 'అమావాస్య చంద్రుడు'లో, అంధుడైన కమల్ హాసన్‌ని ప్రేమించిన మాధవికి తాతగారిగా నటించారు. ఆరేళ్ళ తర్వాత, 1987లో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో కంటి ఆసుపత్రి ప్రారంభిస్తే, దానికి ప్రసాద్ గారి కుటుంబం స్థలం ఇచ్చింది. అందుకే దానికి ఎల్.వి. ప్రసాద్ పేరు. వెండితెర మనిషి పేరు కంటితెర బాగుచేసే చోటికి! ఆ సంగతి చెబుదామని చూస్తే ఆవిడ నిద్రపోయింది. సినిమా ఆపేశాను.

లేజరు అతుకు గట్టిపడడానికి రెండు వారాలు పడుతుందట. చుక్కలు కొన్నాళ్ళుంటాయి, అలవాటవుతాయి అన్నారు. కొత్త చుక్కలుగానీ, నీడగానీ కనిపిస్తే అర్ధరాత్రయినా రమ్మన్నారు. ఇప్పుడు రోజూ పొద్దున్నే క్యాలెండరు ముందు ఇద్దరం కూర్చుంటున్నాం. ఆవిడ ఒక కన్ను మూసుకుంటుంది, నేను "ఇవాళ తేదీ ఎంత?" అని అడుగుతాను.

వచ్చే శనివారం సాయంత్రం మళ్ళీ చూపించుకోవాలి. అదే టైముకి ఒక ప్రివ్యూకి పిలుపొచ్చింది. రాలేనని చెప్పేశాను. కాబట్టి వచ్చే వారం కూడా ఈ పేజీలో కొత్త సినిమా ఉండదు. ఉత్తరాల్లో నన్ను తిట్టొద్దు!