కొత్త వరి రకాలు సరే, విత్తనం ఎవరి చేతిలో ఉంటుంది?



2025 మేలో కేంద్రం రెండు జీన్ ఎడిటింగ్ వరి రకాలను ప్రకటించింది. రెండూ మనం పండించే వరి నుంచే పుట్టాయి. బాపట్ల సాంబ మసూరి (బీపీటీ 5204) నుంచి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ "కమల" తీసింది. మారుటేరు కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) నుంచి ఢిల్లీ పూసా సంస్థ "పూసా డీఎస్‌టీ రైస్ 1" తీసింది. ఇది కరువుకు, చౌడుకు తట్టుకోవడానికి.

ఇదీ బీటీ పత్తి లాంటిదేగా అని చాలామంది అడుగుతున్నారు. కాదండీ. పత్తిలోకి మట్టిలో ఉండే బ్యాక్టీరియా జన్యువు తెచ్చి పెట్టారు. ఇక్కడ వరిలో ఉన్న జన్యువునే కత్తిరించి, దాని పని ఆపారు. ఆ జన్యువు పనిచేస్తే కంకిలో గింజల్ని పెంచే హార్మోన్ తగ్గిపోతుంది. దాన్ని ఆపితే గింజలు ఎక్కువ కడతాయి. బయటి జన్యువు ఉండదు కాబట్టి ఇలాంటి రకాలకు 2022లోనే జీఎం పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు.

కమల 20 రోజులు ముందే కోతకొస్తుందని, దిగుబడి 19 శాతం దాకా ఎక్కువని శాస్త్రవేత్తల మాట. చివరి ఆయకట్టు రైతుకు 20 రోజులంటే మాటలా? ఆఖరి తడి కోసం కాలవ గట్టు మీద కాపలా తప్పుతుంది, వెనక మినుము అదునులో పడుతుంది. అయితే వాళ్ల ప్రయోగ మడి వేరు, మన చేను వేరు. పైగా ఈ మార్పు గింజల కోసం చేసింది, అగ్గి తెగులు ఆపడానికి కాదు.

నా భయం జన్యువు గురించి కాదు, విత్తనం గురించి. ఇవి హైబ్రిడ్లు కావు, పండిన గింజనే మళ్లీ నారు పోసుకోవచ్చు. 2001 చట్టం ప్రకారం విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు మనది. కానీ ఈ కత్తిరించే పరిజ్ఞానం మీద పేటెంట్లు విదేశాల వాళ్ల చేతిలో ఉన్నాయి. రేపు ఆ రాయల్టీ భారం విత్తనం బస్తా మీద పడదని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి.

కాబట్టి చూడకుండా తిట్టొద్దు, ఎగబడి ఎకరాలకు ఎకరాలు వెయ్యొద్దు. అధికారిక విత్తనం వచ్చినప్పుడు పది సెంట్లలో వేసి, పక్కనే పాత బీపీటీ పెట్టి తూకం చూడండి. మిల్లరు ఏ ధరకు కొంటాడో ముందే అడగండి. వ్యవసాయాధికారి ఊళ్లోకొస్తే మొదటి ప్రశ్న ఇదే వెయ్యండి: "ఈ విత్తనం మా గాదెలో దాచుకోవచ్చా?"