ఆ 94 రోజులు ఏ రిజిస్టర్లో ఉన్నాయి?

తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖ మంత్రులిద్దరికీ,

మా చిన్నక్క జాకెట్లు కుడుతుంది. గిరాకీలకు ఇచ్చే ప్లాస్టిక్ కవరొకటి తీసి, అందులో మందుల చీటీలు దాచుకుంది. ఆ కవరు ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. అడుగున ఉన్నది ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చీటీ: దగ్గు టానిక్కు, జ్వరం మాత్రలు. రెండోది టౌన్లో డాక్టరుగారిది. వైడాల్ పరీక్ష పాజిటివ్, టైఫాయిడ్ అన్నారు. వారం రోజులు లెవోఫ్లాక్సాసిన్ రాశారు. జ్వరం దిగింది, అక్క మళ్లీ మిషనెక్కింది. పది రోజులకు జ్వరం తిరగబెట్టింది. మూడోచోట ఆస్తమా అన్నారు. నాలుగోచోట ఎక్స్‌రే తీసి, తెమడ పరీక్షకు పంపారు. టీబీ.

మొదటి చీటీకీ ఆఖరి చీటీకీ మధ్య 94 రోజులు.

జనం ఆస్పత్రికి రారని మీ శాఖవాళ్లు అంటుంటారు. అబద్ధమేమీ కాదు. 2019-21 జాతీయ టీబీ సర్వేలో టీబీ లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఎక్కడా చూపించుకోలేదని తేలింది. కానీ మా అక్క వెళ్లింది కదండీ! వెళ్లినచోటల్లా ఫీజు కట్టింది. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలని మీరు గోడల మీద రాయిస్తున్నారు. ఆ గోడ రాత రోగులకేనా, డాక్టర్లకు కూడానా?

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ పోగేసి 2014లో లెక్క చూస్తే, దగ్గు మొదలైన దగ్గర్నుంచి టీబీ మందు పడేదాకా సుమారు 55 రోజులు పడుతోందని తేలింది. అందులో ఎక్కువ రోజులు డాక్టరు గడప తొక్కాకే పోతున్నాయి. ముంబయి, పట్నాల్లో శిక్షణ ఇచ్చినవాళ్లను టీబీ రోగుల్లా ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి పంపి చూశారు. సరిగ్గా చూసిన సందర్భాలు 35 శాతమేనని 2018లో ప్రకటించారు.

అసలు చిక్కు ఆ లెవోఫ్లాక్సాసిన్‌తోనే. అది టీబీ క్రిమిని చంపీ చంపకుండా వదిలేస్తుంది. జ్వరం తగ్గేసరికి రోగికీ డాక్టరుకూ టైఫాయిడ్ నిజమేననిపిస్తుంది. మామూలు మందులకు లొంగని టీబీకి వాడాల్సిన మందును దగ్గులకూ జ్వరాలకూ ఖర్చు చేస్తున్నాం.

ఈ మందు షెడ్యూల్ హెచ్‌1లో ఉంది. అంటే అమ్మిన మందులషాపు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. చట్టం ఉంది, రిజిస్టరూ ఉండాలి. దగ్గుతో వచ్చి ఈ మందు కొన్నవాళ్ల పేర్లు ఆ ఊరి ఆశా కార్యకర్తకు చేరేలా చూడండి. ఆమె ఒక తెమడ డబ్బీ చేతికిస్తుంది. గోవాలో తయారైన ట్రూనాట్ యంత్రం గంటల్లో సంగతి తేల్చేస్తుంది. ఎక్స్‌రే కూడా తీయించండి. అది లేకపోతే 42.6 శాతం కేసులు తప్పిపోయేవని ఆ జాతీయ సర్వేయే చెప్పింది.

ఇంకొక్క మాట. టీబీ తేలినవాళ్ల పేరు నమోదు చేసేటప్పుడు, అంతకుముందు ఎన్నిచోట్ల తిరిగారో, ఎన్ని రోజులు పోయాయో అడిగి రాయించండి. జిల్లాలవారీగా ఆ లెక్క ఏటా బయటపెట్టండి. తిండి కోసం నెలకిచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు, సంతోషం. ఆ వెయ్యి రోగం పేరు తెలిశాక వచ్చేది. కవర్లోని బిల్లులన్నీ అంతకుముందువి.

ఆ 94 రోజులూ అక్క పక్కలో పడుకున్న నాలుగేళ్ల మనవడికి ఇప్పుడు టీబీ రాకుండా మందు వేస్తున్నాం. ఇంకా రెండు నెలలు వేయాలి.