స్వయం ఉపాధికి ఆదాయ సహాయం: అర్హతకు సాక్ష్యం ఏది?

ప్రత్యేక విశ్లేషణ

నెలజీతం పొందే ఉద్యోగికి తన ఆదాయాన్ని రుజువు చేసుకోవడం కష్టం కాదు. యజమాని ఇచ్చే జీతపు పత్రమే అందుకు ఆధారం. ఆటో నడిపేవారికి, మగ్గం నేసేవారికి, కుట్టుపని చేసేవారికి అట్టి పత్రం ఇచ్చే యజమాని లేడు. కనుక స్వయం ఉపాధిపై జీవించేవారికి ప్రభుత్వం ఆదాయ సహాయం ప్రకటించిన ప్రతిసారీ ఒక ప్రశ్న ముందుకు వస్తుంది. దరఖాస్తుదారు ఆ వృత్తిలోనే ఉన్నాడనడానికి సాక్ష్యం ఏది?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి అమలైన పథకాలు ఈ ప్రశ్నకు దాదాపు ఒకే సమాధానం ఇచ్చాయి. పనిముట్టునే సాక్ష్యంగా స్వీకరించాయి. 2019 అక్టోబరు 4న ప్రారంభమైన వాహనమిత్ర పథకం సొంత ఆటో, ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకొనేవారికి ఏటా రూ.10,000 చొప్పున 2023 వరకు ఐదు విడతలు అందించింది. 2019 డిసెంబరు 21న మొదలైన నేతన్న నేస్తం సొంత మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి రూ.24,000 ఇచ్చింది. 2020 జూన్ 10న ప్రారంభమైన చేదోడు పథకంలో దర్జీలు, రజకులు, నాయీ బ్రాహ్మణులకు రూ.10,000 లభించగా, దుకాణం ఆధారమైంది.

2025లో మరో అడుగు

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం ఆరంభమైనది. దానివలన తమ రాబడి తగ్గుతుందని ఆటో డ్రైవర్లు ఆందోళన వ్యక్తం చేశారు. ఈ నేపథ్యంలో ఏడాదికి రూ.15,000 సహాయాన్ని ప్రభుత్వం ప్రకటించి, 2025 అక్టోబరు 4న విజయవాడలో "ఆటో డ్రైవర్ల సేవలో" పేరిట సుమారు 2.90 లక్షల మందికి దాదాపు రూ.436 కోట్లు విడుదల చేసింది.

కొత్త దరఖాస్తులను గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా సెప్టెంబరు 17 నుండి 19 వరకు స్వీకరించారు. వాహనం రాష్ట్రంలో రిజిస్టరు అయి ఉండాలి; యజమానియే డ్రైవరుగా ఉండాలి; చెల్లుబాటు అయ్యే లైసెన్సు, ఆధార్, రేషను కార్డు ఉండాలి. కుటుంబానికి ఒక్క వాహనానికే సహాయం. సరకు రవాణా వాహనాలు ఈ పరిధిలోకి రావు. ఆదాయపు పన్ను చెల్లించే కుటుంబాలకు, నెలకు సగటున 300 యూనిట్లకు మించి విద్యుత్తు వాడే కుటుంబాలకు అర్హత లేదు.

ఈ నిబంధనలలో ఒక విశేషం గమనించదగినది. డ్రైవరు సంపాదన ఎంత, అది ఎంత తగ్గినది అన్న కొలత వీటిలో లేదు. వాహనం వృత్తికి సాక్ష్యం కాగా, కరెంటు బిల్లు, రేషను కార్డు ఆర్థిక స్థితికి సాక్ష్యాలైనవి. దీనివలన పరిశీలన సులభమవుతుంది, లక్షల మందికి కొద్ది రోజులలోనే సొమ్ము అందుతుంది. ఈ పద్ధతికి ఉన్న బలం ఇదే.

మిగిలిపోయేవారు ఎవరు?

బలహీనత కూడా ఇక్కడనే ఉన్నది. రోజు అద్దెకు ఆటో తీసుకొని నడిపే వ్యక్తికి లైసెన్సు ఉంటుంది, వాహనం ఉండదు. ఆ వాహన యజమానికి రిజిస్ట్రేషను ఉంటుంది, కాని ఆయన నడపడు. నిబంధన ప్రకారం ఇద్దరిలో ఎవరికీ సహాయం రాదు. ప్రయాణికులు తగ్గిననాడు కూడా అద్దె చెల్లించవలసినవాడు డ్రైవరే కనుక, నష్టం అధికంగా తగిలేది అతనికే. యజమాని మగ్గంపై కూలికి నేసే నేతకారుని స్థితి కూడా ఇటువంటిదే.

పాత ఆటో కొని యాజమాన్య బదిలీ చేయించుకోనివారు మరొక వర్గం. మోటారు వాహనాల చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజులలోగా బదిలీని తెలియపరచాలి. అది జరగనిచో రికార్డులో పాత యజమానియే అర్హుడుగా కనిపిస్తాడు. మూడు రోజుల దరఖాస్తు గడువులో ఈ లోపాన్ని సరిదిద్దుకోవడం సాధ్యం కాదు.

అయితే పనిముట్టును కాక ఆదాయాన్నే నేరుగా కొలిస్తే అందరికీ న్యాయం జరుగునా? బ్రిటన్ అనుభవం దీనికి కొంత సమాధానం ఇస్తుంది. కోవిడ్ కాలంలో, 2020 మార్చి 26న ఆ దేశం స్వయం ఉపాధివారికి ఆదాయ మద్దతు పథకం ప్రకటించింది. గత పన్ను రిటర్నుల సగటు లాభంలో 80 శాతాన్ని మూడు నెలలకు లెక్కించి, గరిష్ఠంగా 7,500 పౌన్లు మొదటి విడతగా ఇచ్చింది. లెక్కలన్నీ పన్నుల శాఖ వద్దనే ఉన్నందున దరఖాస్తు సులభమైనది. కాని 2019 ఏప్రిల్ తరువాత వృత్తి ప్రారంభించినవారికి పాత రిటర్నులు లేవు. మొదటి మూడు విడతలలో వారికి చోటు దక్కలేదు. 2021లో నాలుగవ విడత నుండి మాత్రమే 2019-20 రిటర్నులను పరిగణనలోకి తీసుకున్నారు. ఏ సాక్ష్యాన్ని ఎంచుకున్నా, అది లేనివారు కొందరు ఉంటారని దీనివలన తేటతెల్లమగుచున్నది.

చేయదగినది

ఒకే సాక్ష్యంపై ఆధారపడక, ప్రత్యామ్నాయ సాక్ష్యాలను ముందుగానే గుర్తించడం ఇందుకు మార్గం. 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో అసంఘటిత కార్మికులు స్వీయ ప్రకటనతో తమ వృత్తిని నమోదు చేసుకోవచ్చును. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా స్వయం ఉపాధి కార్మికులను అసంఘటిత కార్మికులుగానే గుర్తిస్తున్నది. ఈ నమోదుకు లైసెన్సును, వాహన యజమాని ఇచ్చే అద్దె ధ్రువీకరణను, సచివాలయ సిబ్బంది క్షేత్ర పరిశీలనను జతపరచినచో అద్దె డ్రైవరును గుర్తించడం అసాధ్యం కాదు. స్వీయ ప్రకటన దుర్వినియోగం కావచ్చునన్న శంక సహేతుకమే. జాబితాలను సచివాలయాలలో ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరించడం దానికి విరుగుడు.

లబ్ధిదారుల సంఖ్య, విడుదలైన మొత్తం ప్రతి ప్రకటనలోనూ ఉంటాయి. తిరస్కరించిన దరఖాస్తులు ఎన్ని, ఏ కారణంచేత తిరస్కరించినారు అన్న వివరం కూడా జిల్లాలవారీగా వెలువడినచో పథకం లోపం ఎక్కడున్నదీ అధికారులకు తెలుస్తుంది, పాత్రికేయులకు ప్రశ్నించే ఆధారం లభిస్తుంది. దరఖాస్తే చేయలేకపోయిన అద్దె డ్రైవరు ఆ లెక్కలో సైతం కనిపించడు. కావున తదుపరి విడతకు ముందే రవాణా శాఖ లైసెన్సుల జాబితాను లబ్ధిదారుల జాబితాతో సరిపోల్చి చూడడం అవసరం.