కొంబుచాకు నాలుగు దినుసులే చాలును

పులియబెట్టు విద్య మన యిండ్లకు క్రొత్తది కాదు. రాత్రి పాలలో తోడు వేసి తెల్లవారుసరికి పెరుగు చేయు తల్లియు, రాగిపిండిని పులియనిచ్చి మఱునాడు అంబలి కాచు అవ్వయు ఆ విద్య నెఱిగినవారే. ఇటీవల పట్టణములలో వ్యాపించుచున్న కొంబుచా యనునదియు ఆ కోవలోనిదే. అది తీపి కలిపి పులియబెట్టిన తేనీరు. చైనా దేశపు ఈశాన్య భాగమున పుట్టి రష్యాకు ప్రాకినదని పలువురు చెప్పుదురు.

దీనిని ఇంట చేయగోరిన మా విద్యార్థులు కొందఱు దినుసుల పట్టీ యొకటి నాకు చూపిరి. అందు పరిమళపు తేయాకు, అడవితేనె, ఎండుపూలు మొదలగునవి పదునొకండు గలవు. ఆ ఖర్చునకు వారి తల్లిదండ్రులు దిగులుపడుటలో వింత లేదు. నా యభిప్రాయమున నీరు, తేయాకు, చక్కెర, తోడు అను నాలుగే చాలును. జాడీలో పడు ప్రతి వస్తువునకు ఒక పని యుండవలెను. పని చెప్పలేని వస్తువును వేయరాదు.

మొదటిది నీరు. కుళాయినీటిలోని క్లోరిన్ సూక్ష్మజీవులకు హాని చేయును. కావున నీటిని బాగుగా మరగించి వాడవలెను.

రెండవది తేయాకు. ఇది సూక్ష్మజీవులకు నత్రజనిని, ఖనిజలవణములను ఇచ్చును. మన హోసూరు ప్రాంతమునకు నీలగిరి తేయాకు దూరపుసరకు కాదు. సాధారణమైన నల్ల తేయాకు మిక్కిలి తగినది. పొడి కంటె ఆకు మేలు, వడగట్టుట సులభము. ఏలకులు, లవంగములు చేర్చిన తేయాకులను, పరిమళతైలము పట్టించిన వానిని వాడరాదు. ఆ తైలములు పులియుటను అడ్డగింపవచ్చును. రుచికై అల్లమో పండ్లరసమో కావలసినచో పులిసిన తరువాత కలుపుకొనుడు.

మూడవది చక్కెర. దీనిని తగ్గింపగోరువారు పెక్కుమంది. కాని యిది మొదట మన నాలుకకు కాదు, జాడీలోని జీవులకు ఆహారము. ఈస్టులు చక్కెరను విడగొట్టి ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. బాక్టీరియా ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లముగా మార్చును. తీపి నిచ్చు కృత్రిమపు మాత్రలు ఈ పనికి రావు. బెల్లము ఒక్కొక్క దిమ్మ ఒక్కొక్క తీరుగా నుండును; పచ్చితేనెలో దాని సూక్ష్మజీవులు దానికి గలవు. చేయి తిరిగినవారు వానిని వాడుదురు గాక, క్రొత్తవారికి తెల్లచక్కెరయే మేలు. లోపము వచ్చినచో ఎక్కడ వచ్చెనో తెలియును.

నాలుగవది తోడు. అనగా మునుపు పులిసిన కొంబుచా, దానిపై తేలు దళసరి పొర. ఈ రెంటిలో పులుపునీరే ముఖ్యము. మొదటినాటి నుండియే పులుపు ఉన్నచో బూజు పట్టుట అరుదు. నేనొక వేసవిలో పొర యున్నదిగదా యని పులుపునీటిని సగము తగ్గించితిని. నాలుగవ దినమున పచ్చని బూజు కనబడెను. జాడీడు తేనీరు నేలపాలయ్యెను. బూజును పైపైన తీసివేసి త్రాగుట ప్రమాదము.

కొలత యిది: లీటరు నీటికి రెండు చెంచాల ఆకు, 70 గ్రాముల చక్కెర, 100 మిల్లీలీటర్ల పులుపునీరు. వడగట్టిన తేనీరు పూర్తిగా చల్లారినగాని తోడు వేయరాదు. వేడికి జీవులు చచ్చును. గాజుజాడీయే వాడవలెను. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలను పులుపు తినివేయును. శుభ్రమైన గుడ్డ కట్టి ఉంచినచో ఏడెనిమిది దినములలో పులియును.

ఇది సర్వరోగనివారిణి యను మాట ఋజువు కాలేదు. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున దీనిని ప్రతిదినము త్రాగుచుండిన ఇద్దఱు స్త్రీలు తీవ్రముగా జబ్బుపడగా, ఒకరు మరణించిరి. ఇదియే కారణమని తేలకున్నను, ఆ వార్త జాగ్రత్త నేర్పుచున్నది. ఇంట చేసినదానిలో కొంత ఆల్కహాలు, కొంత కెఫీను, మిగిలిన చక్కెరయు నుండును. పసిపిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధకశక్తి తగ్గినవారికి ఇది తగదు. విద్యార్థులు పెద్దల యనుమతి లేక దీని జోలికి పోరాదు.

విద్యార్థులారా! ఈ నాలుగింటిలో మూడు అంగడిలో దొరకును. నాలుగవది పొరుగింట అడిగి తెచ్చుకొనవచ్చును. తమిళులు ఉఱై యనుదురు, కన్నడిగులు హెప్పు అనుదురు. ఆ మాటలను గౌరవింపుడు. మన యింట మాత్రము తోడు అనియే అడుగుడు. ఈ పానీయమునకు కొత్తమాట వెదుకనక్కర లేదు. పెరుగు చేసిన అమ్మమ్మ నోట ఆ మాట ఎప్పటినుండియో సిద్ధముగా నున్నది. అయితే తోడును వాడక మూలనుంచినచో చెడును, మాటయు నంతే.