ప్లగిన్లు లోడ్ కాక ఆగిపోయిన ప్రాజెక్టుల విషయమై వినతిపత్రం

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటర్ సెంటర్ ఇన్‌చార్జి గారికి,

కర్నూలు, కడప జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ సివిల్ విభాగంలో చదువుతున్న ఎం.టెక్. విద్యార్థులం, పరిశోధక విద్యార్థులం విన్నవించుకుంటున్నది ఏమనగా:

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగి కర్నూలు మునిగింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. చినుకు కోసం ఎదురుచూసే సీమలో వరదంటూ వస్తే ఏ దారిన, ఎంత వేగంగా వస్తుందో ముందే చూపాలన్నదే మా ప్రాజెక్టుల ఉద్దేశం. లెక్కలు మా ప్రోగ్రాం కడుతోంది. వాటిని బొమ్మగా చూపాల్సింది పారావ్యూ అనే సాఫ్ట్‌వేర్. మా ఫైళ్లను పారావ్యూ నేరుగా చదవలేదు కనుక సీ ప్లస్ ప్లస్‌లో ఒక రీడర్ ప్లగిన్ రాసుకున్నాం. అది చక్కగా కంపైల్ అవుతోంది, లోడ్ మాత్రం కావడం లేదు.

పారావ్యూ టూల్స్ మెనూలో మేనేజ్ ప్లగిన్స్ తెరిచి ఫైలు ఎంచుకోగానే ఎర్రర్ వస్తోంది. టెర్మినల్‌లో చూస్తే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని ఉంటుంది. ఎల్‌డీడీ కమాండ్ ఇస్తే పారావ్యూకు ఆధారమైన వీటీకే లైబ్రరీలు కొన్నింటి ఎదురుగా ‘నాట్ ఫౌండ్’ అని చూపుతోంది. మా కోడ్‌లోనే తప్పుందని ప్రాజెక్టు రివ్యూలో అన్నారు. అది నిజం కాదని సవినయంగా మనవి చేస్తున్నాం. పారావ్యూ సోర్స్‌తో పాటే వచ్చే ఎలివేషన్ ఫిల్టర్ ఉదాహరణను, ఒక్క అక్షరం మార్చకుండా కంపైల్ చేసినా ఇదే ఎర్రర్ వచ్చింది.

కారణం ఇది. ల్యాబులో పెట్టింది డౌన్‌లోడ్ చేసిన రెడీమేడ్ పారావ్యూ. అది తన వీటీకే, క్యూట్ లైబ్రరీలను తనతోనే తెచ్చుకుంటుంది. మేము కంపైల్ చేస్తున్నది ఉబుంటు ప్యాకేజీలో దొరికిన హెడర్లతో. ఆ రెండూ వేర్వేరు వెర్షన్లు. ఏ బిల్డ్‌లో లోడ్ చేయాలో ఆ బిల్డ్‌తోనే ప్లగిన్ కంపైల్ కావాలి. పైగా కంప్యూటర్ సెంటర్ సర్వర్‌లో ఉన్న పారావ్యూ మరో వెర్షన్. పెద్ద డేటా అంతా అక్కడే ఉంది. క్లయింటు, సర్వరు ఒకే వెర్షన్ అయితే తప్ప కలవవు. కలిసినా మా రీడర్ సర్వర్‌లోనూ లోడ్ కావాలి. అక్కడ ఫైలు పెట్టే అనుమతి మాకు లేదు.

కాబట్టి అన్నిటికన్నా ముందు మేము కోరేది: ఒకే పారావ్యూ వెర్షన్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి ల్యాబు మెషిన్లలో, సర్వర్‌లో పెట్టించండి. ఆ బిల్డ్ ఫోల్డర్‌ను చెరపకుండా మాకు అందుబాటులో ఉంచండి. 2019లో వచ్చిన 5.7తో ప్లగిన్ల సీమేక్ పద్ధతే మారిపోయింది గనుక అంతకన్నా పాతది వద్దు. బిల్డ్‌కు గంటలు పడతాయి. సాయంత్రం 5 గంటలకు ల్యాబు మెయిన్ స్విచ్ ఆపేస్తే మధ్యలోనే ఆగిపోతుంది. బిల్డ్ జరిగే రెండు రాత్రులైనా కరెంటు ఉంచమని మనవి. ఇందుకు మాలో కొందరం కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం.

మాకు రూట్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. సర్వర్‌లో మేము రాయగలిగే ఒక ఫోల్డర్ ఇచ్చి, పారావ్యూ ప్లగిన్లు వెతికే దారిలో దాన్ని చేర్చితే చాలు. సెమిస్టర్ మధ్యలో చెప్పకుండా వెర్షన్ మార్చవద్దు. మారిన ప్రతిసారీ ప్లగిన్లన్నీ మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

పైథాన్‌లో రాసిన ప్లగిన్లకు కంపైల్ పని ఉండదు. చిన్న డేటా ఉన్నవాళ్లకు అది మేలైన దారి. శనివారాల్లో దాని మీద క్లాసులు పెట్టించండి. అయితే లక్షల సెల్స్ ఉన్న వరద గ్రిడ్‌ను పైథాన్ లూపుల్లో చదవడం చాలా నెమ్మది. అందుకే మొదటి కోరికను దీంతో సరిపెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం.

ఈ ఏర్పాట్లు జరిగే వరకు ప్రాజెక్టు తుది రివ్యూ వాయిదా వేయాలని, ప్లగిన్ లోడ్ కాలేదన్న కారణంతో ఇప్పటికే తగ్గించిన మార్కులను పునఃపరిశీలించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
కర్నూలు, కడప జిల్లాల ఎం.టెక్., పరిశోధక విద్యార్థులు