రెండు మాటల ప్రార్థన



మంథని దగ్గరి ఒక పల్లెలో, మా సంఘంలో ఒక అక్క ఉంది. బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. మూడు నెలల నుంచి శుక్రవారం ఉపవాస కూడికకు రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే, ఒళ్లో చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూనే చెప్పింది. "నాకు ప్రార్థన చేసుడు రాదు అయ్యగారూ. అందరు గంట గంట చేస్తరు. నాకు రెండు మాటలకే అయిపోతది. అసలు నేను విశ్వాసినేనా అనిపిస్తది."

తప్పు నాదే. కూడికలో వరుసగా అందరిచేత పైకి ప్రార్థన చేయించేది నేనే. గట్టిగా, ఎక్కువసేపు, కన్నీళ్లతో చేసినవాళ్లను మెచ్చుకున్నదీ నేనే.

మా ఊరివాళ్లు ఎవరైనా కరీంనగర్ దవాఖానలో పడితే తోడు వెళ్లేది మాత్రం ఈ అక్కే. ఆ రోజు కూలి పోయినా సరే. చీటీ ఏ కిటికీ దగ్గర రాయించాలో, రక్తం కావాలంటే ఎవరిని అడగాలో ఆమెకు తెలుసు. సొంతవాళ్లు అలసిపోయి నిద్రపోతే రాత్రంతా మంచం పక్కన కూర్చుంటుంది. మేము దాన్ని ఎన్నడూ వరం అనలేదు. "మంచి మనిషి" అని ఊరుకున్నాం.

మన సంఘాలు ఒక ఆదర్శ విశ్వాసి బొమ్మను చేసిపెట్టుకున్నాయని నా అభిప్రాయం. అందులో సగం యూట్యూబ్ చూసి చేసిందే. నేనూ ఒకప్పుడు పట్నం ప్రసంగీకుల్లా అరిచి మూడు వారాల్లో గొంతు పోగొట్టుకున్నాను. మా ఇంటావిడ నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

1 కొరింథీ 12:28 తీసి చూడండి. సహాయం చేసేవాళ్లు ఆ వరుసలోనే ఉన్నారు, అదీ భాషలు మాట్లాడేవాళ్లకంటే ముందే. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించింది ఆమె కుట్టిన బట్టలనే. మన పాటల పుస్తకమే తెరవండి. పురుషోత్తమ చౌదరి (1803–1890) గారి కీర్తనల మీద రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. ప్రభువును నమ్ముకున్నాక తనకు వచ్చిన సంగీత సాహిత్యాలను అవతల పడేసి, దొరల బాణీల్లో మాత్రమే పాడాలని ఆయన అనుకుని ఉంటే, ఈనాడు మన పల్లెల్లో తాళాలు పట్టుకొని పాడుకోవడానికి ఆ కీర్తనలు ఉండేవా?

అయితే ప్రార్థన చేయనక్కర లేదా అని కొందరు అడుగుతారు. ప్రార్థన అందరికీ కావాలి. పదిమంది ముందు గంటసేపు చేయడం అందరికీ రానక్కర లేదు. "నా వరం వేరు" అంటూ బాధ్యత తప్పించుకునేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి ఇంకోసారి రాస్తాను.

పోయిన వారం దవాఖానకు నన్నూ తీసుకుపొమ్మని ఆ అక్కను అడిగాను. జ్వరంతో మూలుగుతున్న ఒక పిల్ల నుదురు తడిబట్టతో తుడుస్తూ అక్క మెల్లగా అన్నది: "ప్రభువా, ఈ పిల్ల జర నిద్ర పోవాలె. నువ్వు ఈడనే ఉండు." అంతే, మళ్లీ బట్ట తడపడానికి లేచింది.

పెద్ద ప్రార్థన చేద్దామని నేను బైబిల్లో వాక్యాలు రాసిన చీటీ పెట్టుకొని వెళ్లాను. అది తీయలేదు. అక్క చేతిలోని చెంబు తీసుకొని నీళ్లు పట్టుకొచ్చాను.