కత్తిసాములో అప్పీలు హక్కు

మూసీ దక్షిణపు టొడ్డున 1920లో తెరువబడిన హైకోర్టు భవనము మన పాతనగరమునకు అలంకారము. ఆ వసారాలలో నల్లకోటుతో తిరిగినవారి కందఱకును ఒక్క సంగతి తెలియును. న్యాయాధిపతి ఎంత పండితుడైనను పొరబడవచ్చును. అందుచేతనే అప్పీలు పుట్టినది. న్యాయవాదులమగు మాకు క్రీడారంగమును గూర్చి మాటాడుటకు ఈపాటి యధికారము చాలునని తలంచుచున్నాము.

2021లో టోక్యో ఒలింపిక్కులయందు భారతదేశమునుండి తొలిసారిగా కత్తిసాము చేసిన క్రీడాకారిణి చెన్నపురి యువతి భవానీదేవి. ఆమె యాయుధము సేబరు. ఈ యాటలో విద్యుద్దీపము తాకుడును చూపునే కాని న్యాయమును చూపదు. ఇరువురి కత్తులును 170 మిల్లీసెకనుల లోపల తగిలినచో రెండు దీపములును వెలుగును. దాడి యెవరిదో, పాయింటు ఎవరికి చెందునో అప్పుడు నిర్ణేతయే తేల్పవలెను. రెప్పపాటులో జరిగినదానిని తప్పక పట్టు కన్ను ఏ మానవునకు కలదు?

కావుననే పెద్దపోటీలలో వీడియో పునఃపరిశీలన యేర్పడినది. ఓడినవారు వైదొలగు పోటీలో ఒక్కొక్కరికి రెండేసి అప్పీళ్లు; అప్పీలు నెగ్గినచో హక్కు నిలుచును, వీగినచో తరుగును. ఊరక తగవులాడువారికి ఇదియే కళ్లెము. మన కోర్టులలో ఇట్టి నిబంధన యున్నచో మా వృత్తివారి గతి యేమగునో!

అయినను యంత్రమును దేవునిగా కొలువరాదు. 2012లో లండనునందు కొరియా యువతి షిన్ ఆ-లామ్, జర్మనీకి చెందిన బ్రిట్టా హైడెమన్‌తో పోరాడుచుండగా ఒక్క సెకను మిగిలినది. అది గడచినచో విజయము షిన్‌దే. పలుమారులు కత్తులు కలిసినను గడియారము కదలలేదు. తుదకు హైడెమన్ పాయింటు గెలిచినది. అప్పీలు త్రోసివేయబడినది. షిన్ కన్నీటితో గంటకు పైగా వేదికపైననే కూర్చుండెను. గడియారమును యంత్రమే కదా! చిత్రమును మిక్కిలి మెల్లగా నడిపినను దాడియొక్క లయ చెడి, సందేహము లేనిచోట సందేహము పుట్టును. సహజవేగమున కూడ చూచి నిర్ణేతయే తీర్పు చెప్పవలెను.

మా అసలు ఫిర్యాదు వేఱు. చిన్నపోటీలలో ఈ సౌకర్యము తఱచుగా నుండదు. సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని పాతకత్తులను చూచి మురియు ఈ నగరమునుండి ఒక బాలిక జిల్లాపోటీకి పోయి, పొరపాటు తీర్పున ఒక్క పాయింటుతో ఓడినచో, ఆమె యెవ్వరితో మొఱపెట్టుకొనవలెను? ఒలింపిక్కులలో ఎన్ని కెమెరాలున్న ఆమె కేమి?

ముక్కాలిపై నిలిపిన చేతిఫోను ఒకటి, దానిని చూచి చెప్పగల శిక్షితుడగు రెండవ నిర్ణేత ఒకడు: క్వార్టరు ఫైనలు మొదలుకొనియైనను ఈ రెంటిని సమకూర్పవలెనని క్రీడాసంఘములవారిని కోరుచున్నాము. ఖర్చుమాట యెత్తువారు మొదట బహుమతిప్రదానసభకై వేయు పందిరి లెక్కను చూతురుగాక.